దిగడం సరే, పైకొచ్చే దారేది?

విజయవాడలో ఒక గ్రంథాలయం హాల్లో ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. మాట తడబడిన చోట్ల మాత్రమే సరిచేశాం.

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వినబడకపోతే చెయ్యెత్తండి, ఆగి మళ్లీ చెబుతాను.

పిల్లలు ఎంతమంది వచ్చారో వాళ్లని తీసుకొచ్చిన అమ్మానాన్నలు కూడా అంతమందే కనిపిస్తున్నారు. చాలా సంతోషం. అందుకని వీడియో గేమ్ ఎప్పుడూ ముట్టుకోని వాళ్లకి కూడా అర్థమయ్యేట్టు చెబుతాను. రోజూ ఆడేవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

ముందు ఒక ప్రశ్న. ఉండవల్లి గుహలు చూడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ముగ్గురో నలుగురో ఉన్నారు. బ్యారేజీ దాటితే చాలు, ఒక ఆదివారం వెళ్లి రండి. మిగతావాళ్లని అడుగుతున్నాను. చిన్నప్పుడు అక్కడికి వెళ్తే ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, ‘ఇక్కడి నుంచి మంగళగిరి దాకా సొరంగం ఉందిరా’ అని. విన్నారా? చేతులెత్తండి. చూశారా, సగం హాలు! కొందరు మంగళగిరి అంటారు, కొందరు కొండవీడు కోట అంటారు. మా నాన్నమ్మది గుంటూరు, ఆవిడ కొండవీడే అనేది.

ఆవిడ చెప్పిన కథలో ఒక మేకలకాపరి ఉన్నాడు. తప్పిపోయిన మేకని వెతుక్కుంటూ సొరంగంలోకి వెళ్లాడు. వెళ్లాడు అని చెప్పి కథ ఆపేసేది. నాకు అప్పుడు పదేళ్లు ఉంటాయేమో. ‘మరి వాడు ఎక్కడ తేలాడు నాన్నమ్మా?’ అని అడిగాను. ‘తేల్లేదు నాయనా, అదే కథ’ అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రాక్షసుడు తింటాడన్న భయం కాదండీ. వాడు లోపల ఎక్కడో నిలబడి, వచ్చిన దారి ఏదో తెలియక, చేత్తో గోడ తడుముకుంటున్నాడని ఊహించుకున్నాను. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ కాపరి గురించే అనుకోండి.

నేను ఆటలకి లెవెల్స్ గీసే పని చేస్తాను. అంటే ఆటలో గది ఎక్కడుండాలి, తలుపు ఎటు తెరుచుకోవాలి, మెట్లు ఎక్కడికి దిగాలి అని గీసే పని. అమ్మలకి, నాన్నలకి ఒక్క ముక్క చెబుతాను. ఫాంటసీ ఆర్‌పీజీ అంటే మీ అబ్బాయో అమ్మాయో ఒక పాత్ర వేసుకుని కత్తి, మంత్రం, భుజాన మూటతో ఒక కొత్త లోకంలో తిరిగే ఆట. ఆ లోకంలో రెండు రకాల చోట్లు ఉంటాయి. ఒకటి నేల కింద: గుహ, సమాధి, కోట నేలమాళిగ, సొరంగం. వాటన్నిటినీ కలిపి ఆటల భాషలో డంజన్ అంటారు. రెండోది నేల మీద: కొండ, అడవి, ఊరు, సముద్రపు ఒడ్డు. దానికి ఓపెన్ వరల్డ్ అని పేరు.

ఇందాక టీ దగ్గర ఒక తమ్ముడు అడిగాడు, ‘అన్నా, కింద బాగుంటదా, పైన బాగుంటదా?’ అని. అక్కడ చెప్పలేదు, ఇక్కడ చెబుతానన్నాను. తమ్ముడూ, నాకు కిందే ఇష్టం. దాచను. అయితే ఆ చీకటి కోసమో, పెట్టెల్లో దొరికే బంగారం కోసమో ఇష్టం కాదు. తిరిగి రావడం కోసం ఇష్టం. కిందికి దిగినవాడి మనసులో ఒకటే లెక్క తిరుగుతుంటుంది: ఇంకా ఎంత లోపలికి పోవచ్చు? పోతే వెనక్కి రావడానికి నా దగ్గర సరిపడా మిగులుతుందా? పైన తిరిగేవాడిది వేరే ప్రశ్న: ఎటు పోదాం? ఇవి రెండు వేర్వేరు ఆకళ్లు. అన్నం ఆకలి వేరు, దాహం వేరు కదా, అలాగ.

మరి ఈ ఆటలు నేల కిందే ఎందుకు మొదలయ్యాయి? 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చారు. పేరులోనే డంజన్ ఉంది. దాని ప్రభావంతో కంప్యూటర్ మీద ఆటలు రాయడం మొదలుపెట్టినవాళ్లకి ఒక పెద్ద ఇబ్బంది ఎదురైంది. మెషీన్‌లో చోటు లేదు. 1981లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చిన విజార్డ్రీ 48 కిలోబైట్ల మెమరీలో నడిచింది. ఇవాళ మీ ఫోన్‌తో తీసే ఒక్క ఫొటో దానికి యాభై అరవై రెట్లు ఉంటుంది. అంత ఇరుకులో ఆకాశం ఎక్కడ పెడతారు చెప్పండి? అడవి గీయాలంటే దూరాన ఉన్న చెట్టూ గీయాలి, దాని వెనక కొండా గీయాలి. గుహ అయితే ఎదురుగా గోడ గీస్తే చాలు, గోడ వెనక ఏముందో గీయక్కర్లేదు. నాలుగు గీతలు గీస్తే ఒక నడవా తయారు. గోడ మెషీన్‌కి మేలు చేసింది. అలా ఇరుకు వల్ల పుట్టిన డంజన్, మనిషి మనసులో ఎప్పటినుంచో ఉన్న సొరంగం భయానికి అతికినట్టు సరిపోయింది.

విజార్డ్రీలో 10 అంతస్తులు. ఒక్కో అంతస్తు 20 గళ్లు పొడవు, 20 గళ్లు వెడల్పు. ఆటలో మ్యాప్ ఇవ్వలేదు. మనం పదో తరగతిలో లెక్కలకి వాడిన గ్రాఫ్ పేపర్ ఉంది చూడండి, అలాంటి కాగితం మీద ఆడేవాళ్లే గడి గడి లెక్కపెట్టుకుంటూ గీసుకోవాలి. ఒక గడి తప్పు గీశారో, దారి తప్పినట్టే. ఇంకా ఉంది వినండి. మీ ఆరుగురు జట్టూ ఏడో అంతస్తులో చచ్చిపోయారనుకోండి, ఆట వాళ్లని తిరిగి ఇవ్వదు. ఆ శవాలు అక్కడే పడి ఉంటాయి. కొత్తగా ఇంకో జట్టుని తయారుచేసి, వాళ్లకి బలం వచ్చేదాకా పెంచి, ఏడో అంతస్తుకి పంపి, పాతవాళ్లని మోసుకుని పైకి తెచ్చుకోవాలి. ఎంత కఠినం! కానీ ఆలోచించండి. అలా మోసుకొచ్చిన మనిషిని మీరు మరిచిపోతారా?

దానికి కొంచెం ముందు, 1980 ప్రాంతంలో, రోగ్ అనే ఆట వచ్చింది. అందులో బొమ్మలే లేవు. కీబోర్డ్ మీద ఈమెయిల్‌కి వాడే ఎట్ గుర్తు ఉంటుంది కదా, అదే మీరు. ఎ నుంచి జెడ్ దాకా పెద్ద అక్షరాలు రాక్షసులు. దిగేకొద్దీ 26వ అంతస్తు దగ్గర యెండోర్ తాయెత్తు దొరుకుతుంది. దొరికితే గెలిచినట్టేనా? కాదు. దాన్ని పట్టుకుని అన్ని అంతస్తులూ మళ్లీ పైకెక్కి బయటపడాలి. తాయెత్తు చేతిలో లేకపోతే మెట్లు పైకి ఎక్కనివ్వవు. ఎక్కేటప్పుడు చూస్తే అవి మీరు దిగిన అంతస్తులు కావు. ప్రతిసారీ కొత్త గదులు, కొత్త నడవాలు. దిగిన దారి ఒకటి, ఎక్కే దారి ఒకటి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను దీని దగ్గరికి.

ఇవన్నీ నేను పుట్టకముందు సంగతులు. నేను ఆడిన మొదటి డంజన్ డయాబ్లో. 1996 నాటి ఆట, నా చేతికి వచ్చేసరికి బాగా పాతబడింది. గుంటూరు బ్రాడీపేటలో ఒక నెట్ సెంటర్ ఉండేది, గంటకి 15 రూపాయలు. ట్యూషన్ ఎగ్గొట్టి కాదమ్మా, ట్యూషన్ అయ్యాకే వెళ్లేవాడిని. ఆ ఆటలో ట్రిస్ట్రమ్ అని ఒక పల్లె, అందులో పాడుబడిన చర్చి, దాని కింద 16 అంతస్తులు. మొదటి నాలుగూ చర్చి, తర్వాతి నాలుగూ సమాధులు, ఆ కింద నాలుగు గుహలు, అడుగున నరకం. పైకి రావాలంటే మెట్లు వెతుక్కోవాలి, లేదా ఊరికి తీసుకెళ్లే ఒక మంత్రపత్రం ఉంటుంది, దాన్ని విప్పితే నీలంగా ఒక ద్వారం తెరుచుకుంటుంది. ఆ పత్రం మూటలో ఒక్కటైనా ఉందా? నా ధ్యాసంతా దాని మీదే. బంగారం తక్కువైనా పరవాలేదు, మందు సీసాలు తక్కువైనా పరవాలేదు, ఆ పత్రం ఒక్కటి ఉండాలి. ఊళ్లోకి రాగానే గిటార్ వినబడేది. మ్యాట్ యూల్మెన్ చేసిన సంగీతం అది. దిగులుగా, నెమ్మదిగా ఉంటుంది. కింద అరగంట ఊపిరి బిగబట్టి తిరిగి ఆ గిటార్ వింటే భుజాలు వాటంతటవే దిగేవి. ఆ ఊళ్లో కొద్దిమంది మనుషులు, ఆవులు తప్ప పెద్దగా ఏమీ ఉండవు. అయినా నాకు అంత అందమైన ఊరు ఇంకో ఆటలో దొరకలేదు. కింద నుంచి వచ్చి చూశాను కాబట్టి.

ఒకసారి మే నెలలో 11వ అంతస్తులో ఉండగా కరెంటు పోయింది. సేవ్ చేయలేదు. నెట్ సెంటర్ అంతా చీకటి, ఉక్క. అందరం మెట్లెక్కి డాబా మీదికి వెళ్లాం. గాలి తగిలింది. పక్క డాబాల మీద కూడా జనం, మడత మంచాలు వేసుకుంటున్నారు. నేను పోగొట్టుకున్న ఆట గురించి ఏడవాలి నిజానికి. ఆ గాలికి అంతా మరిచిపోయాను. తర్వాత ఎన్నో ఏళ్లకి, ఈ పనిలో చేరాక, ఆ సాయంత్రం నాకు చాలా పాఠాలు చెప్పింది.

ఇప్పుడు మన కథల్లోకి వస్తాను. పెద్దవాళ్లకి నాకంటే బాగా తెలిసిన కథ. రామాయణంలో వాలి, మాయావిని తరుముతూ ఒక బిలంలోకి దిగాడు. తమ్ముడు సుగ్రీవుణ్ణి బిలం నోటి దగ్గర కాపలా పెట్టాడు. ఏడాది దాటింది. లోపలి నుంచి నురగతో నెత్తురు వచ్చింది. రాక్షసుల అరుపులే గాని అన్న గొంతు వినబడలేదు. సుగ్రీవుడు అన్న పోయాడనుకుని, కొండంత రాయి అడ్డం పెట్టి, నీళ్లు వదిలి, ఇంటికి వెళ్లిపోయాడు. కానీ గెలిచింది వాలి. గెలిచి వచ్చి చూస్తే ద్వారం మూసి ఉంది. ‘సుగ్రీవా, సుగ్రీవా’ అని పిలిచాడు. జవాబు లేదు. కాళ్లతో తన్ని తన్ని రాయి తోసుకుని బయటికొచ్చాడు. కిష్కింధలో జరిగిందంతా, అన్నదమ్ముల పగ, రాముడితో స్నేహం, చెట్టు చాటు బాణం, అంతా ఎక్కడ మొదలైంది? రాక్షసుణ్ణి చంపిన దగ్గర మొదలైందా? ఆ యుద్ధం ఎలా జరిగిందో పెద్దగా చెప్పనే చెప్పరు. తిరిగి వచ్చేటప్పటికి దారి మూసి ఉంది, అక్కడ మొదలైంది. లోపల ఏం జరిగిందన్నది పక్కన పెట్టి, బయట ఎదురుచూసినవాడు ఏమనుకున్నాడు, వచ్చినవాడు ఏం చూశాడు అన్నదే కథ అయింది. ఆటలు రాసేవాళ్లు, ముఖ్యంగా ఇక్కడున్న మన పిల్లలు రేపు రాయబోయేవాళ్లు, ఈ ఘట్టం ఒకటికి పదిసార్లు చదవాలని నా కోరిక.

సరే. మరి పైన తిరగడం గురించి నాకు గౌరవం లేదా? చాలా ఉంది. 2002లో వచ్చిన మారోవిండ్ అనే ఆటలో ఎటు వెళ్లాలో చూపించే బాణం గుర్తు ఉండదు. ఊళ్లోవాళ్లు నోటితో చెబుతారు. ‘వంతెన దాటాక ఎడమకి తిరుగు, రాళ్లగుట్ట దగ్గర దారి చీలుతుంది, కొండవైపు పో’ అని. మన ఊళ్లల్లో చెప్పినట్టే. దారి తప్పితే తప్పు నీదే, కనుక్కుంటే ఆ కొండ నీది. ఆ ఆట చేసినవాళ్ల దగ్గర కూడా పెద్ద మెషీన్లేమీ లేవు. దూరం గీయలేక పొగమంచు కప్పారు. ఆ మంచు వల్లే ఆ దీవి అంత పెద్దదనిపించింది.

2017లో వచ్చిన ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ అనే ఆట చేసినవాళ్లు ఒక సంగతి బయటపెట్టారు. కొండల్ని, కట్టడాల్ని త్రికోణం ఆకారంలో పెట్టారట. త్రికోణం దూరం నుంచి కంటిని లాగుతుంది, వెనక ఉన్నదాన్ని దాస్తుంది. ఎక్కి చూడాలా, చుట్టి పోవాలా అని మనసు ఊగుతుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ వెనక ఉన్నది కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. ఇది చదివినప్పుడు నాకేం గుర్తొచ్చిందో తెలుసా? గుంటూరు నుంచి విజయవాడ బస్సు. కిటికీ పక్కన కూర్చుంటే ముందు మంగళగిరి కొండ కనబడుతుంది. అదొక్కటే ఉంటుంది కాసేపు. తర్వాత గాలిగోపురం తల, తర్వాత గోపురం మొత్తం. కొండ వెనక్కి పోతుంది. ఇంకాసేపటికి బ్యారేజీ, నీళ్లు, అవతల ఇంద్రకీలాద్రి. ఒకటి పోయేలోపు ఇంకోటి చెయ్యూపుతుంది. ఆ దారి ఎవరూ ఆట కోసం గీయలేదు, అయినా ఎంత చక్కగా ఉంది! కాబట్టి పైన తిరగడమంటే గీత లేని పని అనుకోకండి. అది కూడా ఎవరో ఆలోచించి గీసిందే.

కానీ పైన ఉన్నంత మాత్రాన పెద్దదవుతుందా? 1996లో డాగర్‌ఫాల్ అని ఒక ఆట వచ్చింది. దాని మ్యాప్ సుమారు 1,60,000 చదరపు కిలోమీటర్లని చెబుతారు. దాదాపు ఇప్పటి మన ఆంధ్రప్రదేశ్ అంత. అంత నేలనీ కంప్యూటరే లెక్క కట్టి పరిచింది. అందులో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఎవరూ నడవరు. మ్యాప్ మీద నొక్కితే అక్కడికి చేరిపోతారు, దాన్నే ఫాస్ట్ ట్రావెల్ అంటారు. శ్రీకాకుళం నుంచి కర్నూలు దాకా ఉన్నంత నేల ఉత్తినే పడి ఉంది. కానీ అదే ఆటలో ఒక డంజన్‌లోకి దిగండి. ఒక్కో మలుపూ గుర్తే. ఎందుకంటే ఆ మలుపు దగ్గరే కదా మీరు అరగంట తిరిగిన చోటే మళ్లీ తిరిగింది.

ఆ ఆట 2009లో ఉచితంగా ఇచ్చారు. నేనప్పుడు ఇంజనీరింగ్‌లో ఉన్నాను. మా ఇంట్లో రాత్రి రెండు దాటాక డౌన్‌లోడ్‌కి డబ్బు పడని ఇంటర్నెట్ ప్లాన్ ఉండేది. అలారం పెట్టుకుని లేచి దింపుకున్నాను. దాని డంజన్‌లకి మ్యాప్ ఉంటుంది గాని, మూడు వైపులా తిప్పి చూసే మ్యాప్, సాలెగూడులా ఉంటుంది. అర్థం కాదు. మా అక్క పక్కన కూర్చుని గ్రాఫ్ పేపర్ మీద గీసేది. నేను ‘ఎడమకి నడవా, చివర తలుపు, తలుపు అవతల కిందికి వాలు’ అని చెప్పేవాడిని. ఒక్కో అంతస్తుకి ఒక్కో రంగు పెన్సిల్. ఆకుపచ్చ మొదటిది, ఎరుపు దాని కింద. అలా ఎనిమిది కాగితాలయ్యాయి. వెతకమన్న వస్తువు దొరికింది. బయటికి దారి మాత్రం దొరకలేదు. ఎర్ర కాగితానికీ ఆకుపచ్చ కాగితానికీ మధ్య ఎక్కడో ఒక మెట్లదారి మేం గీయకుండా వదిలేశాం. నాలుగు రాత్రులు వెతికాం. తర్వాత నాకు పరీక్షలు వచ్చాయి, అక్కకి పెళ్లి కుదిరింది. దీని సంగతి చివర చెబుతాను.

ఇప్పుడు నాకు బాధ కలిగించే విషయం. కొత్త ఆటల్లో తిరుగు ప్రయాణం మాయమైపోతోంది. 2011లో వచ్చిన స్కైరిమ్ గొప్ప ఆట, నేను వందల గంటలు ఆడాను. అందులో చాలా గుహలు ఉంగరంలా గీస్తారు. చివరి గదిలో పని కాగానే ఒక పక్కదారి, ఒక గడియ తీస్తే చాలు, బయట. వచ్చిన దారిన నడవక్కర్లేదు. మొదటిసారి బ్లీక్ ఫాల్స్ బారో అనే పాత సమాధిలో ఆ పక్కదారిన బయటికొచ్చి కింద సరస్సుని చూసినప్పుడు ఒళ్లు పులకరించింది. యాభయ్యోసారికి అలవాటైపోయింది. ఎందుకంటే నేను లోపల ఎప్పుడూ దారి లెక్క పెట్టుకోలేదు. పెట్టుకోవాల్సిన అవసరం వాళ్లు రానివ్వలేదు. ఇందాక చెప్పిన జెల్డాలో 120 చిన్న గుడిలాంటి చోట్లున్నాయి, పని అయిపోగానే మాయమై బయట తేలుతాం. తేలిక. చాలా తేలిక. నాకు అర్థమవుతుంది, పగలంతా ఆఫీసులో పనిచేసి వచ్చి గంటసేపు ఆడుకునే మనిషికి వెనక్కి నడిచే ఓపిక ఉండదు. ఆ మనిషిని నేను తప్పుపట్టను.

ఈ సంగతి నా పనిలో నేనే అనుభవించాను. ఒక చిన్న ఆటకి గుహ గీశాను. లోపల ఒక రాతి విగ్రహం, దాని దగ్గర ఒక దీపం, దాన్ని తీసుకుని రావాలి. ఆడి చూసినవాళ్లందరూ ఒకటే మాట, ‘వెనక్కి రావడం బోరండీ’ అని. సరేనని దీపం తీయగానే బయట తేలేట్టు మార్చాను. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. వారం తర్వాత వాళ్లనే అడిగితే ఆ గుహ ఎవరికీ గుర్తులేదు! కొండ గుర్తుంది, వాగు గుర్తుంది, గుహ లేదు. అప్పుడు రోగ్ గుర్తొచ్చింది నాకు. దిగిన దారి ఒకటి, ఎక్కే దారి ఒకటి. దీపం తీయగానే గుహలోకి నీళ్లు మెల్లగా రావడం మొదలుపెట్టేట్టు చేశాను. నడవాలు అవే, గదులు అవే. కానీ వచ్చేటప్పుడు దూకిన గుంట ఇప్పుడు ఈదాలి. వచ్చేటప్పుడు అందని గట్టు ఇప్పుడు నీళ్ల వల్ల అందుతుంది. చేతిలో దీపం ఉంది కాబట్టి వచ్చేటప్పుడు చూడని గోడ మీద బొమ్మలు కనబడతాయి. నడక అంతే దూరం. ఈసారి బోర్ అన్నవాళ్లు లేరు. అందుకే అంటున్నాను, తిరుగు ప్రయాణం విసుగనిపిస్తే దాన్ని తీసేయకండి, దానికి పని ఇవ్వండి.

ఈ విసుగు పెద్దవాళ్లకీ వచ్చింది. జెల్డా కథలన్నిటికీ మూలపురుషుడు షిగెరు మియమోటో చిన్నప్పుడు జపాన్‌లో క్యోటో దగ్గర సోనోబే అనే ఊళ్లో పెరిగారు. ఊరి బయట తిరుగుతూ ఒక గుహ కనిపెట్టి, లాంతరు పట్టుకుని లోపలికి వెళ్లిన సంగతి ఆయన చాలాసార్లు చెప్పారు. 1986లో వచ్చిన మొదటి జెల్డా మొదటి తెరలోనే ఒక గుహ నోరు ఉంటుంది, లోపలికి వెళ్తే ముసలాయన కత్తి ఇస్తాడు. అదే పరంపరలో 2023లో టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్ వచ్చింది. దాన్ని చేసేటప్పుడు గుహల్లో చివరిదాకా వెళ్లి చూశాక, వెనక్కి నడవడం ఎందుకని, తప్పులు వెతకడానికి వాడే ఒక అడ్డదారి కోడ్‌తో డైరెక్టర్ ఫుజిబయాషి నేరుగా పైకి వచ్చేసేవారట. ఇదేదో ఆటలోనే పెడితే బాగుంటుందే అనిపించి, తల పైన కప్పు ఉంటే దాన్ని చీల్చుకుని పైకి ఈదే శక్తిని ఆ వీరుడికే ఇచ్చారు. చూడండి ఎంత అందంగా ఆలోచించారో! విసుగుని దాచలేదు. తిరిగి రావడాన్నే ఒక విద్య చేశారు. గుహలో తలెత్తి కప్పు చూస్తాం, రాతిలోంచి పైకి పోతాం, తల బయటపెట్టగానే ఏ కొండ మీదో గడ్డిలో తేలుతాం. ఎక్కడ తేలామో తెలియదు. ఆ క్షణంలో మళ్లీ పైన తిరిగేవాడి ప్రశ్న మొదలు.

ఆ ఆటలో నేల మొత్తానికీ కింద ఇంకో నేల ఉంది. చిమ్మచీకటి. కాంతినిచ్చే గింజలు విసురుకుంటూ నడవాలి. పైన నది ఉన్న చోట కింద గోడ. పైన ఆ గుడిలాంటి చోటు ఉంటే సరిగ్గా దాని కింద వెలుగునిచ్చే వేరు. అంటే కింద దారి తెలియకపోతే పైకి వెళ్లి చూడాలి, పైన దాగింది తెలియాలంటే కిందికి రావాలి. తమ్ముడూ, నువ్వు అడిగిన ప్రశ్నకి ఆ ఆట చెప్పిన జవాబు అది.

ఇంకో బిలం కథ చెప్పి ఆపుతాను, టైమ్ చూపిస్తున్నారు. సీతని వెతుకుతూ దక్షిణానికి వెళ్లిన వానరులకి దాహం వేసింది. ఒక బిలంలోంచి పక్షులు బయటికి వస్తున్నాయి. హంసలు, సారసాలు, చక్రవాకాలు. రెక్కలు తడిసి ఉన్నాయి, ఒంటిమీద తామర పుప్పొడి ఉంది. హనుమంతుడు చూసి, లోపల నీళ్లున్నాయి పదండన్నాడు. ఎంత చక్కని పనితనమండీ ఇది! బోర్డు లేదు, బాణం గుర్తు లేదు. తడిసిన పక్షి ఒకటి చాలు. నేను లెవెల్ గీసే ప్రతిసారీ నా తడి పక్షి ఏది అని వెతుక్కుంటాను. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చీకట్లో పోతే, ఉన్నట్టుండి వెలుగు, బంగారు చెట్లు, సరస్సులు. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో అడవిలో ఒక లిఫ్ట్ ఎక్కితే అది దిగుతూ, దిగుతూ, దిగుతూనే ఉంటుంది. కింద సియోఫ్రా నది, తల పైన నక్షత్రాలు నిండిన ఆకాశంలాంటి కప్పు. నేల కింద ఆకాశం! అది చూసిన రాత్రి నేను స్వయంప్రభ కథ, అదే వానరులు దిగిన ఆ బిలంలో ఉండే తపస్విని కథ, మళ్లీ తీసి చదివాను. అక్కడా చిక్కు అదే. దిగినవాడు తనంతట తాను బయటికి రాలేడు. ‘కళ్లు మూసుకోండి’ అని ఆవిడే తీసుకొచ్చి బయట వదిలింది. వదిలాక తెలిసింది, సుగ్రీవుడు పెట్టిన నెల గడువు లోపలే గడిచిపోయిందని. బయటపడ్డాం అన్న సంతోషం కూడా దక్కలేదు పాపం, ఒడ్డున కూర్చుని ఏడ్చారు.

మా అక్క సంగతి చెబుతానన్నాను కదా. ఆ సేవ్ ఫైల్ నేను పారేయలేదు. పెన్‌డ్రైవ్ నుంచి పెన్‌డ్రైవ్‌కి, ల్యాప్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌కి మార్చుకుంటూ వచ్చాను. పోయిన సంక్రాంతికి అక్క పిల్లలతో గుంటూరు వచ్చింది. అమ్మ బీరువాలో పాత సర్టిఫికెట్ల కింద ఆ ఎనిమిది కాగితాలూ ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేల మీద పరిచాం. మా మేనకోడలికి తొమ్మిదేళ్లు. ఎర్ర కాగితం మీద వేలు పెట్టి, ‘మామయ్యా, ఇక్కడ గది గోడ ఉంది, పక్క గది గోడ ఇక్కడుంది, మధ్యలో ఈ ఖాళీ ఏంటి?’ అంది. అక్కా నేనూ మొహాలు చూసుకున్నాం. ఆట తెరిచి అక్కడికి నడిచాను. గోడలాగే ఉంది. చెయ్యి పెడితే తలుపు. తలుపు వెనక మెట్లు పైకి.

ఆకుపచ్చ కాగితం మీద అక్క దారి చెబుతుంటే నడిచాను. ఎడమ, ఎడమ, నేరుగా, తలుపు. బయటికొచ్చాం. ‘ఒరేయ్, బయట రాత్రిరా’ అంది అక్క. వాన పడుతోంది. అన్నేళ్లుగా లోపల ఉన్న మనిషిని అలాగే కాసేపు వానలో నిలబెట్టాం, ఎవరం ఏమీ మాట్లాడలేదు.

అప్పుడు ఆ పిల్ల అడిగింది, ‘ఇప్పుడు ఎటు పోదాం మామయ్యా?’